పన్నెండు నాలుగులు నలభై ఎనిమిది కాదు: ఒక అమెరికా దరఖాస్తు కేస్ స్టడీ

కేసు వివరాలు

విద్యార్థిని చదువంతా అమెరికా బయటే సాగింది. పాఠశాల చివరి ఏడాదికి ముందు సెలవుల్లో తల్లిదండ్రులతో కలిసి, విదేశీ ప్రవేశాల సలహాదారుగా పనిచేసే నా దగ్గరకు వచ్చింది. 2024 ఆగస్టులో అమెరికాలో డిగ్రీ మొదలుపెట్టాలన్నది లక్ష్యం. తరగతిలో మొదటి ఇద్దరిలో ఒకరు. అమెరికా డిగ్రీ ప్రవేశాలకు రాసే శాట్ పరీక్షలో 1,600కు 1,540 వచ్చాయి, అందులో గణితం 790. గణిత ఒలింపియాడ్‌లో మొదటి వడపోత దాటి ఆ పైన ఆగిపోయింది. అంతర్జాతీయ పతకాలు లేవు, పేటెంట్లు లేవు, పత్రికల్లో ఫొటోలు లేవు. అమ్మానాన్నలిద్దరివీ జీతాల ఉద్యోగాలు. ఉన్న ఇంటిని తాకట్టు పెట్టకుండా చదువుకు ఏడాదికి ఆరు వేల డాలర్లు పెట్టగలరు. 2024-25 నాటికి అమెరికాలోని మేటి ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ఫీజు, బస, భోజనం, పుస్తకాలు కలిపి ఏడాది ఖర్చు 85,000 డాలర్ల పైమాటే.

ఈ ఆరు వేల అంకెను చాలా కుటుంబాలు మొహమాటంతో చివర్లో చెబుతాయి. నేను మొదటి సమావేశంలో, మార్కుల కంటే ముందే అడుగుతాను. విద్యార్థిని అవకాశాన్ని ఆ అంకె శాట్ స్కోరు కంటే ఎక్కువగా మారుస్తుంది.

గుర్తుపట్టడానికి వీలున్న వివరాలను మార్చాను. సీటు ఇచ్చిన, ఇవ్వని విద్యాసంస్థల పేర్లు రాయడం లేదు. అందరికీ తెలిసిన విధానాల ప్రస్తావన వచ్చినప్పుడు మాత్రం పేర్లతోనే చెబుతాను.

తండ్రి వేసిన లెక్క

వాళ్లు తెచ్చిన జాబితాలో పన్నెండు పేర్లున్నాయి. ర్యాంకుల పట్టికను పైనుంచి కిందికి చదువుతూ పన్నెండో పేరు దగ్గర ఆపేశారని చూడగానే తెలిసిపోతుంది. తండ్రి లెక్క ముక్కుసూటిగా ఉంది. "ఒక్కోచోట నాలుగు శాతం మందిని తీసుకుంటారట కదండీ. పన్నెండు నాలుగులు నలభై ఎనిమిది. అంటే ఎక్కడో ఒకచోట సీటు రావడానికి దాదాపు సగం అవకాశం ఉన్నట్టే కదా?"

గణితం చదివే కూతురికి అందులోని తప్పు వెంటనే తట్టింది. సంభావ్యతలను అలా కూడకూడదు. ఒక్కోచోట రాకపోయే అవకాశం 96 శాతం. 0.96ను పన్నెండుసార్లు గుణిస్తే 0.61 వస్తుంది. కాబట్టి ఒక్కచోటైనా వచ్చే అవకాశం 39 శాతం. తండ్రి కొంచెం నిరాశపడ్డారు గానీ, 39 కూడా చిన్న అంకె కాదు కదా అన్నారు.

ఈ రెండో లెక్కా నిలవదు. ఒకచోటి ఫలితానికీ మరోచోటి ఫలితానికీ సంబంధం లేదన్న ఊహ మీద అది నడుస్తుంది. వాస్తవానికి పన్నెండు చోట్లా చదివేది ఒకే ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల పత్రం), ఒకే ప్రధాన వ్యాసం, అవే సిఫార్సు లేఖలు. ఒకచోట నిరాసక్తంగా పక్కన పెట్టిన ఫైలును మిగతా పదకొండు చోట్లా అలాగే పక్కన పెట్టే అవకాశమే ఎక్కువ.

కాగితం మీద చూపించాను. వందమంది దరఖాస్తుదారులను ఊహించుకుందాం. అందులో ఇరవై మంది ఫైళ్లు నిజంగా పోటీలో ఉన్నాయి, వాళ్లకు ఒక్కోచోట 20 శాతం అవకాశం ఉంది. మిగతా ఎనభై మందికి దాదాపు సున్నా. సగటు తీస్తే సరిగ్గా నాలుగు శాతమే. కానీ ఆ ఇరవై మందిలో ఉన్నవారికి పన్నెండు దరఖాస్తులతో ఒక్కటైనా వచ్చే అవకాశం 93 శాతం. ఎనభై మందిలో ఉంటే పన్నెండు కాదు, ముప్పై పెట్టినా ఒరిగేదేమీ లేదు. వందమందినీ కలిపి చూస్తే ఒక్కచోటైనా సీటు దొరికేది పంతొమ్మిది మందికి. 48 కాస్తా 39 అయింది, 39 కాస్తా 19 అయింది. ప్రకటించిన నాలుగు శాతం మాత్రం మారలేదు.

అసలు లోకం ఇలా రెండు ముక్కలుగా ఉండదు, మధ్యలో చాలా మెట్లుంటాయి. అయినా ఈ కాగితం నా పనిని నిర్ణయిస్తుంది. పదమూడో విశ్వవిద్యాలయాన్ని చేర్చడం నా పని కాదు. ఈ అమ్మాయి ఏ గుంపులో ఉందో తేల్చుకోవాలి, మారే వీలుంటే ఏది మారుస్తుందో చూడాలి.

నాలుగు శాతం ఎవరిది

2024 ఆగస్టులో మొదలైన బ్యాచ్‌కు ఎంఐటీకి 28 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. సుమారు 1,280 మందికి సీటు ఇచ్చారు. అంటే నాలుగున్నర శాతం. కానీ అక్కడ డిగ్రీ స్థాయిలో విదేశీ విద్యార్థుల వాటా పది శాతం దగ్గరే ఆగుతుంది, దరఖాస్తుల్లో వాళ్ల వాటా మాత్రం అంతకంటే బాగా ఎక్కువ. అందువల్ల విదేశీ దరఖాస్తుదారుల ప్రవేశ రేటు రెండు శాతం చుట్టూ తిరుగుతుంది. ఒక్క పాస్‌పోర్టు తేడాతో నాలుగున్నర సగానికి పడిపోయింది.

ఇంకో కోణం హార్వర్డ్ మీద నడిచిన కేసులో బయటపడింది. జాతిని పరిగణించే ప్రవేశ విధానాన్ని 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసిన కేసు ఇదే. తుది తీర్పు సంగతి అలా ఉంచితే, నాలాంటివాళ్లకు అసలు నిధి 2018 నాటి కింది కోర్టు విచారణలో బయటికి వచ్చిన లోపలి లెక్కలు. క్రీడల కోసం ఎంపికైనవారు, పూర్వ విద్యార్థుల పిల్లలు, డీన్ ప్రత్యేక జాబితాలోనివారు (దాతల బంధువుల వంటివారు), సిబ్బంది పిల్లలు కలిసి దరఖాస్తుదారుల్లో 5 శాతమే. సీటు దక్కినవారిలో మాత్రం వాళ్లు దాదాపు 30 శాతం. ఆ నిష్పత్తినే నాలుగు శాతానికి వర్తింపజేస్తే మిగిలినవారి రేటు మూడుకు దిగుతుంది. అన్ని సంస్థలూ ఒకటి కాదు. పూర్వ విద్యార్థుల పిల్లలకు ఎంఐటీ ఏ ప్రాధాన్యమూ ఇవ్వదు.

మార్కుల మీద కుటుంబాలకుండే నమ్మకాన్ని కదిలించేది అదే కేసులోని మరో లెక్క. 2019లో డిగ్రీ పూర్తిచేయాల్సిన బ్యాచ్‌కు అమెరికా నుంచే 26 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. వాళ్లలో 8,000 మందికి పైగా పాఠశాల మార్కులు నూటికి నూరు. సుమారు 3,400 మందికి శాట్ గణితంలో పూర్తి స్కోరు. సీట్లు రెండు వేల లోపు. ఇక స్కోరు పది పాయింట్లు పెంచుకుంటే ఏమవుతుంది? ఏమీ కాదు. మా విద్యార్థిని 1,540ను 1,570 చేసుకోవాలని మళ్లీ పరీక్షకు డబ్బు కట్టబోతే వద్దన్నాను. తల్లికి ఇది అస్సలు నచ్చలేదు. "అందరూ రెండోసారి రాస్తున్నారండీ" అన్నారు. రాస్తున్నారు, నిజమే. 1,540తో ఫైలు చదివే మనిషికి ఈ అమ్మాయి అక్కడి చదువును తట్టుకోగలదని తెలిసిపోతుంది. ఆ స్కోరు నుంచి వాళ్లకు కావలసింది అంతే.

హార్వర్డ్‌లో ఫైలు చదివేవారు చదువు, ఇతర కార్యకలాపాలు, వ్యక్తిత్వం, క్రీడలు అంటూ విడివిడిగా అంకెలు వేస్తారు. 1 అన్నది అన్నిటికంటే పైది. చదువులో 1 రావాలంటే మార్కులు చాలవు, సొంతంగా చేసిన పరిశోధన లాంటిది కనిపించాలి. అలాంటివారు చాలా అరుదు. మంచి మార్కులున్న అత్యధికులు 2 దగ్గర గుమిగూడతారు. మా విద్యార్థిని కూడా నిస్సందేహంగా అక్కడే. పోటీ అక్కడి నుంచే మొదలవుతుంది.

డబ్బు ప్రశ్న

విదేశీ విద్యార్థి ఆర్థిక సాయం అడిగినా ఆ అవసరాన్ని ప్రవేశ నిర్ణయంలో లెక్కలోకి తీసుకోని సంస్థలు ఆ ఏడాది వేళ్లమీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమర్స్ట్, డార్ట్‌మత్, బోడిన్ అందులోవి. ఆ తర్వాతి సీజన్ నుంచి బ్రౌన్ కూడా ఈ వరసలో చేరింది. మిగతా చాలాచోట్ల, స్టాన్‌ఫర్డ్‌తో సహా, అడిగిన సాయం ఎంత అన్నది కూడా తూకంలో పడుతుంది. ఇది దాచిపెట్టిన సంగతి కాదు. వాళ్ల వెబ్‌సైట్లలోనే ఉంటుంది, కాకపోతే తల్లిదండ్రులు ర్యాంకుల పేజీ దాటి ఆ పేజీ దాకా వెళ్లరు.

దీనివల్ల 'సురక్షితమైన' కళాశాల అన్న మాటే ఈ కేసులో తలకిందులవుతుంది. మామూలుగా 70, 80 శాతం మందికి సీటిచ్చే సంస్థను వెనకదన్నుగా పెట్టుకుంటారు. ఏడాదికి ఆరు వేలు మాత్రమే పెట్టగల విదేశీ విద్యార్థికి అలాంటి సంస్థ సీటు ఇస్తుంది, డబ్బు ఇవ్వదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎక్కువ భాగం విదేశీయుల నుంచి పూర్తి ఫీజు ఆశిస్తాయి. ఆ ప్రవేశ పత్రాన్ని ఫ్రేము కట్టించుకోవడం తప్ప చేయగలిగిందేమీ ఉండదు. కాబట్టి ఈ అమ్మాయి విషయంలో తేలికైన అవకాశాలేవీ అమెరికాలో లేవు. వెనకదన్ను స్వదేశంలోని విశ్వవిద్యాలయమే కావాలని మొదటి నెలలోనే తేల్చాం, అక్కడి ప్రవేశ పరీక్షకు చదవడం ఆపవద్దని గట్టిగా చెప్పాను.

ఆరు వేలను తక్కువ చేసి చూపిస్తే ఎక్కువ సాయం వస్తుందా అని తండ్రి ఆచితూచి అడిగారు. ఎక్కువ చేసి చూపిస్తే సీటు సులువుగా వస్తుందా అన్నది ఆ వెంటనే వచ్చిన రెండో ప్రశ్న. రెండింటికీ నా జవాబు ఒకటే. సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఫారంలో ఆదాయం, ఆస్తులు, అప్పులు అన్నీ నింపాలి, పత్రాలు జతచేయాలి. ఉన్నది ఉన్నట్టు రాస్తేనే నేను ఈ పని చేస్తాను. ఎక్కువ చూపించి సీటు తెచ్చుకున్నవాళ్లు రెండో ఏడాది ఫీజు దగ్గర చేతులెత్తేయాల్సి వస్తుంది. విదేశీయులు మొదట అడగని సాయాన్ని తర్వాత అడిగితే ఇవ్వబోమని చాలా సంస్థలు ముందే రాసిపెడతాయి.

ఏడో వరుసలో వాన

చాలా సంస్థలకు ఉమ్మడి దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్‌లో కార్యకలాపాలకు పది వరుసలుంటాయి. ఒక్కో వరుసలో వివరణకు 150 అక్షరాలే చోటు. ఈ అమ్మాయి పది వరుసలూ నింపుకొని వచ్చింది. మొదటి వరుసలో ఒక సేవాసంస్థ 'స్థాపకురాలు'. అంతకుముందు ఎవరో సలహాదారు చెబితే ఆరు నెలల కిందట పెట్టినది. ఒక వెబ్‌సైటు, ఒక లోగో, రెండు కార్యక్రమాల ఫొటోలు. ఈ స్థాపకుల సంస్థలను ప్రవేశాధికారులు ప్రతి సీజన్‌లో కుప్పలు తెప్పలుగా చూస్తారు. స్థాపకుడు డిగ్రీలో చేరిన మర్నాడే మూతపడే సంస్థలివి. ఆ సంస్థ గురించి ఐదు నిమిషాలు చెప్పమంటే ఆమె రెండో నిమిషానికి నీళ్లు నమిలింది.

ఏడో వరుసలో ఇలా ఉంది: "పర్యావరణంపై ఆసక్తితో వాతావరణ సమాచారం సేకరించి తోటి విద్యార్థుల్లో అవగాహన పెంచాను." చదివితే ఒక్క బొమ్మ కూడా కళ్లముందు కదలదు. ఏమిటమ్మా ఇది అని అడిగితే ఈసారి నలభై నిమిషాలు ఆపకుండా మాట్లాడింది.

పాఠశాల ఆవరణలో ఒక వర్షమాపకం ఉంది. ఎనిమిదో తరగతి చివర్లో ఒక ఉపాధ్యాయుడు దాని కొలతలు రాసే పని ఆమెకు అప్పగించారు. నాలుగేళ్లు రాసింది. రెండో ఏడాది ఒక విషయం గమనించింది. గాలి ఒక దిక్కు నుంచి వీచిన రోజుల్లో కొలత అనుమానం వచ్చేంత తక్కువగా ఉంటోంది. కారణం పక్కనున్న చెట్టు. అడ్డంకి ఎంత ఎత్తుంటే మాపకం దానికి కనీసం రెండింతల దూరంలో ఉండాలన్నది వాతావరణ శాస్త్రంలో మామూలు నియమం. ఆ నియమం సంగతి అప్పటికి ఆమెకు తెలియదు, తర్వాత పుస్తకంలో చూసి ఎగిరి గంతేసిందట. మాపకాన్ని జరిపేస్తే సమస్య తీరిపోతుంది. మరి అప్పటిదాకా రాసిన రెండేళ్ల లెక్కల మాటేమిటి? పారేయాలా? ఉపాధ్యాయుడు పారేయమనే చెప్పారు. ఆమె పాతదాన్ని అక్కడే ఉంచి, ఖాళీ స్థలంలో రెండోది పెట్టించుకుంది. ఒక వానాకాలమంతా రెండింటి కొలతలూ పక్కపక్కన రాసి, గాలి దిక్కును బట్టి ఎంత తేడా వస్తోందో లెక్కగట్టి, పాత కొలతలను సవరించింది.

ఆ తర్వాత ఉపగ్రహాల ఆధారంగా నాసా ఇచ్చే ఐమెర్గ్ వర్షపాత అంచనాలను దించుకుని తన కొలతలతో పోల్చింది. పెద్ద వానల రోజుల్లో రెండూ కలవలేదు. మొదట తన లెక్కే తప్పనుకుంది. తర్వాత అర్థమైంది, ఉపగ్రహ అంచనాలో ఒక్కో గడి పది కిలోమీటర్లకు పది కిలోమీటర్లు. అంత మేర సగటునూ ఒక గిన్నెలో పడిన వాననూ పోలిస్తే తేడా రావడమే సహజం. "అయితే సార్, ఏది కరెక్టు అన్న ప్రశ్నే తప్పు కదా?" అని నన్ను అడిగింది. ఆ ఒక్క ప్రశ్న కోసం నేను ఆమె దరఖాస్తు మొత్తాన్ని మళ్లీ మొదటి నుంచి కట్టడానికి సిద్ధపడ్డాను.

సేవాసంస్థను పూర్తిగా తీసేశాం. ఏడోది మొదటి వరుసకు వచ్చింది: "నాలుగేళ్లు రోజూ వాన కొలత. చెట్టు అడ్డుతో తక్కువ నమోదు అవుతోందని గుర్తింపు. రెండో మాపకంతో పోల్చి పాత లెక్కల సవరణ." విశేషణం ఒక్కటీ లేదు. పది వరుసల్లో చివరికి ఏడే మిగిలాయి. మూడు ఖాళీగా వదలడం తల్లిదండ్రులకు ప్రాణం మీదికి వచ్చినంత పనైంది.

ప్రధాన వ్యాసం కూడా మారింది. 650 మాటల పరిమితి ఉన్న ఆ వ్యాసంలో మొదట అమ్మమ్మ అనారోగ్యం చూసి శాస్త్రవేత్త కావాలనుకున్నట్టు రాసింది. అది అబద్ధం కాదు, కానీ ఎవరైనా రాయగల నిజం. కొత్త వ్యాసంలో పాత లెక్కలు పారేయాలా వద్దా అని తేల్చుకోలేకపోయిన రోజులున్నాయి. వాక్యాలు నేను రాయలేదు, రాయను. అనవసరమైనచోట పెన్సిలుతో గీత గీసి ఇది నీకు నిజంగా అనిపించిందా అని అడగడం వరకే నా పని. చివరి పేరాలో వాతావరణ మార్పు నుంచి ప్రపంచాన్ని రక్షిస్తానని రాసుకొచ్చిన నాలుగు వాక్యాలు ఆ ప్రశ్నకు నిలవలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. వాన లెక్కలు ఈమె ప్రవేశం కోసం మొదలుపెట్టినవి కాదు. ఇది చదివి వచ్చే ఏడాది పిల్లలకు వర్షమాపకాలు కొనిపెట్టే తల్లిదండ్రులుంటారని నాకు తెలుసు. దయచేసి వద్దు. నాలుగేళ్ల పాత నోటుపుస్తకాన్ని ఆరు నెలల్లో తయారుచేయలేరు. చేసినా, ఆ విశ్వవిద్యాలయ పూర్వ విద్యార్థితో జరిగే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

సిఫార్సు లేఖల గురించి క్లుప్తంగా. విద్యార్థులు ఆ లేఖలను చూసే హక్కును సాధారణంగా వదులుకుంటారు, నేనూ చూడలేదు. చేయగలిగిందల్లా భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడికి ఒక పేజీ ఇప్పించడం. అందులో తరగతిలో జరిగిన సంఘటనలను ఆమె గుర్తుచేసింది. 'తెలివైన, క్రమశిక్షణ గల విద్యార్థిని' అన్న మాటలతో నిండిన లేఖ ఎవరికీ కీడు చేయదు, మేలూ చేయదు. పాఠశాల ప్రొఫైల్ అసలు లేదు. ఎంతమంది విద్యార్థులు, మార్కులు ఎలా ఇస్తారు, ఏ స్థాయి గణితం అందుబాటులో ఉంది అన్న వివరాలతో ప్రధానోపాధ్యాయురాలు రెండు పేజీలు తయారుచేశారు. ఆ పాఠశాలలో 94 శాతం తెచ్చుకోవడం ఎంత కష్టమో అది లేకుండా బయటివారికి తెలిసే మార్గం లేదు.

నేను ఇచ్చిన అంచనా

శాతం చెప్పమంటే తప్పించుకునే సలహాదారులంటే నాకు గిట్టదు. కుటుంబం ఒక ఏడాదినీ కొంత డబ్బునూ దీనిమీద పెడుతోంది, అంకె అడిగే హక్కు వాళ్లకుంది. ఒక్క అంకె బదులు ఒక పరిధి చెబుతాను, దేని మీద నిలబడి చెబుతున్నానో కూడా చెబుతాను.

సాయం అవసరాన్ని లెక్కచేయని పెద్ద విశ్వవిద్యాలయాల్లో విదేశీయులకు రెండు, మూడు శాతం దగ్గర మొదలుపెట్టాలి. ఫైలు బలాన్ని చూసి ఒక్కోచోట నాలుగు నుంచి ఏడు అన్నాను. అదే విధానమున్న చిన్న కళాశాలల్లో ఎనిమిది నుంచి పన్నెండు. సాయం అవసరాన్ని చూసినా, తీసుకున్నవారికి అవసరమైనంతా ఇస్తామనే చిన్న కళాశాలల్లో పది నుంచి పదిహేను. పెద్దవాళ్లు తెచ్చిన పన్నెండు పేర్లలో ఐదే మిగిలాయి. వాళ్లెప్పుడూ వినని ఐదు చిన్న కళాశాలలు కొత్తగా చేరాయి. ఒక్కచోటైనా డబ్బుతో సహా సీటు వచ్చే అవకాశం 35 నుంచి 50 శాతం అని కాగితం మీద రాసి ఇచ్చాను. పరిధి అంత వెడల్పుగా ఉండడానికి కారణం పైన చెప్పినదే. ఫైలు ఏ గుంపులో పడుతుందో బయటి నుంచి కచ్చితంగా తెలియదు. పది ఫలితాలూ కలిసే లేస్తాయి, కలిసే పడతాయి.

ఈ అంచనాకు అందరికీ అందుబాటులో ఉన్న మంచి సాధనం కామన్ డేటా సెట్. చాలా అమెరికా సంస్థలు ఏటా ప్రకటించే పట్టిక ఇది. ప్రవేశాల భాగంలో మార్కులు, వ్యాసం, ఇంటర్వ్యూ, దరఖాస్తుదారు చూపే ఆసక్తి వంటివాటికి ఎంత విలువ ఇస్తారో ఆ సంస్థే చెబుతుంది. ఆర్థిక సాయం భాగంలో విదేశీ విద్యార్థుల్లో ఎంతమందికి, సగటున ఎంత ఇచ్చారో ఉంటుంది. నేను ముందుగా చూసేది ఈ రెండోదే. ఒక కళాశాల నిరుడు ఎనిమిదిమంది విదేశీయులకే సాయం చేసిందంటే, దాని మొత్తం ప్రవేశ రేటు పాతిక శాతమైనా మనకు పనికిరాదు.

ముందస్తు దరఖాస్తు మీద చాలా చర్చ జరిగింది. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్‌లలో ముందస్తుగా పెట్టి సీటు వచ్చినా చేరి తీరాలన్న కట్టుబాటు లేదు. కాకపోతే అదే సమయంలో మరో ప్రైవేటు సంస్థకు ముందస్తుగా పెట్టకూడదు. ఎర్లీ డెసిషన్ అలా కాదు, సీటొస్తే చేరతానని సంతకం చేయాలి. ఇచ్చిన సాయం చాలకపోతే మాత్రం బయటికి రావచ్చు. ఎర్లీ డెసిషన్ రేట్లు రెండింతలు, మూడింతలు కనిపిస్తాయని అందరూ ఎగబడతారు. క్రీడల కోసం ముందే మాటిచ్చి పెట్టుకున్నవాళ్లు ఆ గుంపులోనే ఉంటారన్నది మరిచిపోతారు. వాళ్లను తీసేస్తే తేడా తగ్గుతుంది, పూర్తిగా పోదు. సాయం అవసరాన్ని చూడని ఒక చిన్న కళాశాలకు నవంబరు 1 గడువులో ఎర్లీ డెసిషన్ పెట్టించాను.

ఫలితాలు

డిసెంబరులో అక్కడి నుంచి వచ్చిన జవాబు అవునూ కాదు, కాదూ కాదు. సాధారణ విడతలో మళ్లీ చూస్తామన్నారు. జనవరిలో ఆమె ఒక పేజీ లేఖ పంపింది, మొదటి అర్ధసంవత్సరం మార్కులు, ముగిసిన వానాకాలం కొలతలతో. మార్చిలో అక్కడ రాలేదు. మొత్తం పది దరఖాస్తుల్లో ఆరు తిరస్కరణలు, రెండు వెయిట్‌లిస్టులు, రెండు సీట్లు. ఒక సీటు అందరూ పేరు విన్న పెద్ద విశ్వవిద్యాలయంలో. రెండోది తల్లిదండ్రులు వినని ఐదింటిలో ఒకదానిలో.

నా అంచనా ఫలించిందని దీన్నిబట్టి చెప్పడం తప్పు. 35 నుంచి 50 అన్నవాడిని ఒక్క ఫలితం నిజం చేయదు, అబద్ధం చేయదు. ఇలాంటి ఫైళ్లు చాలా చూసి, నలభై శాతం అన్నవాటిలో సుమారు నలభై శాతం నిజంగా అయ్యాయా అని సరిచూసుకోవడమొక్కటే పరీక్ష. అలా రాసిపెట్టుకోని సలహాదారు ఎంత అనుభవం ఉందని చెప్పినా నేను పెద్దగా పట్టించుకోను. సాయం పెద్ద మొత్తంలో అడిగిన విదేశీయుల ఫైళ్లు వెయిట్‌లిస్టు నుంచి కదలడం అరుదు. ఆ సమయానికి డబ్బు అయిపోయి ఉంటుంది. ఆ రెండింటినీ లెక్కలోంచి తీసేయమన్నాను.

అసలు పని ఏప్రిల్‌లో పడింది. రెండు సాయం లేఖలను పక్కపక్కన పెట్టాం. పెద్ద విశ్వవిద్యాలయం కుటుంబం వాటాగా 5,500 డాలర్లు చూపింది, రుణం లేదు. ఆరు వేల లోపే ఉందని ఇంట్లో పండగ చేసుకున్నారు. కానీ ఆ లేఖలో ఆరోగ్య బీమా లేదు, అది 3,900. ఏడాదికొకసారి రాకపోకలు 1,700. ఇంకోటి ఎక్కడా రాయనిది, పన్ను. గ్రాంటులో, అంటే తిరిగి కట్టక్కర్లేని సాయంలో, ట్యూషన్ ఫీజుకు పోయే భాగం మీద పన్ను ఉండదు. బస, భోజనాలకు పోయే భాగం మీద ఎఫ్-1 వీసా విద్యార్థుల నుంచి సాధారణంగా 14 శాతం ముందే మినహాయిస్తారు. కొన్ని దేశాలకు పన్ను ఒప్పందం వల్ల ఊరట ఉంటుంది. ఈమె విషయంలో ఆ భాగం 15,000 డాలర్లు, పన్ను 2,100. అన్నీ కలిపితే 13,200. బీమా మొత్తాన్ని గ్రాంటులో చేర్చాలని కోరుతూ ఆమె రాసిన లేఖకు వాళ్లు ఒప్పుకున్నారు. అయినా 9,300.

చిన్న కళాశాల లేఖలో కుటుంబం వాటా 3,500. బీమా, ఒకసారి రాకపోకలు అందులోనే కలిసున్నాయి. అదే పన్ను కలిపితే 5,600. కాకపోతే ఏడాదికి 2,500 డాలర్లు కళాశాల ఇచ్చే రుణం ఉంది, నాలుగేళ్లకు పది వేలు. రెండుచోట్లా క్యాంపస్‌లో పని చేసి సంపాదించాల్సిన మొత్తం దాదాపు సమానమే. తరగతులు నడిచే రోజుల్లో ఎఫ్-1 విద్యార్థి క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటలకు మించి పనిచేయకూడదు, కాబట్టి లోటును అటునుంచి పూడ్చుకోవచ్చన్న ఆశ పెట్టుకోలేం.

తండ్రి పెద్ద పేరు వైపే మొగ్గారు. మిగతా మూడు వేల మూడు వందలు ఎక్కడో సర్దుతానన్నారు. నాలుగేళ్లకు పదమూడు వేల పైచిలుకు సర్దుబాటు అది, మధ్యలో డాలరు రేటు మారదని ఎవరూ హామీ ఇవ్వరు. రుణం ఎటూ పది వేలే, అదీ డిగ్రీ చేతికి వచ్చాక కట్టేది. నన్ను అడిగితే రెండోదే అన్నాను. ఆమె అప్పటికే రెండు సంస్థల భూవిజ్ఞాన విభాగాలకూ ఉత్తరాలు రాసి ఉంది. పెద్దచోటి నుంచి మూడో ఏడాదిలో పరిశోధనకు దరఖాస్తు చేసుకోవచ్చని మర్యాదగా జవాబు వచ్చింది. చిన్నచోటి ప్రొఫెసర్ ఆమె సవరణ సూత్రంలో గాలి వేగాన్ని ఎందుకు తీసుకోలేదని అడిగారు.

ఏప్రిల్ 29న ఆమె రెండో కళాశాలకు అంగీకారం పంపింది. మే 1 గడువు దాకా రెండుచోట్లా సీటు పట్టుకుని కూర్చోవడం, రెండు డిపాజిట్లు కట్టడం నేను ఒప్పుకోని పనులు. మొదటి విశ్వవిద్యాలయానికీ, వెయిట్‌లిస్టులో ఉంచిన రెండింటికీ తన పేరు తీసేయమని అదే రోజు రాసింది. విద్యార్థి వీసాకు కావలసిన ఐ-20 పత్రం కోసం బ్యాంకు కాగితాలు మర్నాడు వెళ్లాయి.